రెండు బిందెల మంచినీళ్లు

నందికొట్కూరు, 11-2-2004

సుచరితకు, ఎండకు కమిలాను గానీ ఒంట్లో బాగానే ఉంది, దిగులు పడకు. భూమి అడుగున కరెంటు ఎలా పారుతుందో కొలవడానికి ఒక చేలో గుంత తీసి, ఉప్పునీళ్ల బురదలో తీగ కట్టిన చిన్న కుండ పూడ్చాం. పొద్దున చూస్తే అంకెలన్నీ తారుమారు. చేనుగల మహాదేవమ్మ ఆ బురద ఎత్తిపోసి, మైలు దూరం మోసుకొచ్చిన మంచినీళ్లు రెండు బిందెలు గుంతలో కుమ్మరించింది. "ఉప్పు పోస్తే నేల సచ్చిపోతాదప్పా" అంది. నాకు కోపం రాలేదు. గుంతను బండరాళ్ల పక్కకు మార్చి, జీపులో నీళ్లు తెచ్చి ఆమె బిందెలు నింపాం.

అమ్మ మోకాలు ఎలా ఉంది? కొళాయి రోజు మార్చి రోజైనా వస్తోందా? మన హరిత పెన్సిల్‌ను రెండు కొసలా చెక్కి, సెల్లులకూ బల్బుకూ మధ్య తీగలతో తగిలించి చూపించు, వెలుగుతుంది. శివరాత్రికి వస్తాను. పాపకు ముద్దులు, అమ్మకు నమస్కారాలు.

వాసుదేవ్

అంచున రాస్తున్నాను: ఇరవై కిలోమీటర్ల లోతున ఎండిన రాయిలో కరెంటు పారకూడదు, పారుతోంది. అక్కడున్నది ఉప్పునీళ్లో, పెన్సిల్‌లోని నల్ల గ్రాఫైటో ఇంకా తేలలేదని మహాదేవమ్మకు చెప్పాను. "నీళ్లేనని రాసుకోప్పా. అంత అడుగునన్నా ఉండాయంటే మనసుకు సాలు" అంది.