ఉత్తరపు గోడ వారన ఎర్రకాడలు

మిషిగన్ రాష్ట్రం, ఆలెగన్ కౌంటీలో కాపురముంటున్న డెలియా హోక్‌స్ట్రా అనే నేను, డెబ్బై తొమ్మిదో ఏట, మతి కుదురుగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. గుండె బాగాలేదని డాక్టరు చెప్పాడు. మతి మీద అనుమానమున్నవాళ్లు నా తోటలో ఏ మొక్క పేరైనా అడిగి చూడవచ్చు.

1. నా ఇల్లు, పెరడు నా చెల్లెలు కీ.శే. ఆర్డిత్ కూతురు ట్రెసాకు సర్వహక్కులతో చెందాలి. అయితే ఉత్తరపు గోడ వారనున్న ఆరమ్ అనే విషపు మొక్కల మడిలో వరుసగా మూడు శీతాకాలాలు ఒక్క ఆకూ లేవలేదని లాయరు రోజర్ బ్రాంట్ రాసిచ్చేదాకా, ట్రెసా నాలుగేళ్ల కూతురు ఫే ఆ గడప తొక్కరాదు.

2. ఆ మడిని తవ్వి తీసేసేవారికి: ఈ మొక్కది అన్నిటికీ ఎదురు నడక. అక్టోబరులో ఆకు వేస్తుంది, మంచు కింద పచ్చగా ఉంటుంది, వేసవికి మాయమవుతుంది. ఆగస్టులో ఉత్త కాడ, దాని నిండా ఎర్రటి విషపు పళ్లు, సరిగ్గా పిల్లల చేతికందే ఎత్తులో. మన చలికి బతకదని అందరూ అంటే పంతం పట్టి, ఏటా ఓక్ ఆకులు మూరెడు మందాన కప్పి బతికించాను. ఇప్పుడు చంపుదామంటే చావడం లేదు. గోరంత దుంప మిగిలినా మళ్లీ లేస్తోంది. కిందటేడు గేటు దాటింది.

3. నా గునపం, తోలు తొడుగులు పక్కింటి వెర్న్‌కు. "ఆ దరిద్రాన్ని పీకి పారెయ్యవమ్మా డెలియా, చూస్తేనే ఒళ్లు జలదరిస్తోంది" అని కంచె మీద నుంచి ముప్పై ఏళ్లు నా ప్రాణం తీశాడు. అతని మాటే నిజమైనందుకు నాకింకా ఒళ్లు మంటగానే ఉంది.

4. ఫేకు, నా చేత్తో ఎండబెట్టిన బఠానీ విత్తనాల సీసా. నోట్లో వేసుకున్నా ఏమీ కాదు.

5. ఇది ట్రెసాకు బిగ్గరగా చదివి వినిపించాలి. అమ్మాయీ, మూడేళ్లప్పుడు నీ గొంతు వాచి ఊపిరాడక ఆసుపత్రిలో గొట్టం వేశారు. అప్పటినుంచే నీ గొంతు బొంగురు. మీ అమ్మ వాగు గట్టున వదిలేస్తే ఏదో తిన్నావని చెప్పింది నేనే. అబద్ధం. నువ్వు తిన్నది నా మడిలో. నీ చేతిలోని కాడను పొయ్యిలో వేసింది నేను. పైగా ఆసుపత్రి వరండాలో మీ అమ్మను, "పిల్లను కనిపెట్టుకోవడం చేతకానిదానివి కన్నావెందుకే?" అన్నాను. తప్పు తనదేననుకుంటూ ఆర్డిత్ చనిపోయింది. నాకు సిగ్గుగా ఉంది.

ఇది విన్నాక ఇల్లు వద్దనుకుంటే వదిలేయి. తవ్వకం మాత్రం ఆపనివ్వకు. ఈ ఏడు నలభై ఒక్క కాడలున్నాయి. పోయిన ఆదివారం మీరు వచ్చినప్పుడు ఫే ఒకటి తెంపి నాకు కానుకగా తెచ్చింది. నోరు తెరిపించి చూశాను, చేతులు కడిగాను. నీకు చెప్పలేకపోయాను. మర్నాడు ఫోన్ చేసి, పిల్ల అల్లరి పడలేను, ఇక తీసుకురావద్దన్నాను. నువ్వు ఏడ్చావు. నేను ఫోన్ పెట్టేశాను.

తేదీ: 23 ఆగస్టు 2019
(సంతకం) డెలియా హోక్‌స్ట్రా
సాక్షులు: వెర్న్ టిమ్మర్, లొయిస్ టిమ్మర్