చూరులో కార్డు

ఆదోని, 14 ఆగస్టు 1978

హుసేనమ్మ బిడ్డ ఈ మధ్యాహ్నం పోయింది. నాలుగు రోజుల పసికందు. అరికాళ్లు బొబ్బలెక్కి, ముక్కు మూసుకుపోయి, పాలు తాగలేకపోయింది. తల్లి రక్తంలోంచి వచ్చిన సవాయి, అంటే సిఫిలిస్. నేను ఈ ఆసుపత్రిలో చేరిన కొత్తలో ఇలాంటి బిడ్డ ఎప్పుడో ఒకటి కనబడేది. ఈ ఏడు ఇది మూడోది.

హుసేనమ్మ కడుపుతో ఉన్నప్పుడు రక్తం తీసి పరీక్షకు కర్నూలుకు పంపింది నేనే. ఫలితం ఆలస్యంగా వచ్చింది. సూదులు వేయించుకోవడానికి వెంటనే రమ్మని కౌతాళంలోని అత్తగారింటికి కార్డు రాశాను. అప్పటికే ఆమె పెద్దకడుబూరులో, పుట్టింట్లో ఉంది. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుందని ఏ నర్సుకు తెలియదు? ఏ ఊరికి పోతావమ్మా అని నేను అడగనే లేదు.

"కార్డు వచ్చిండె, సిస్టరమ్మా. కోడలు ఆడ లేదు గదా, కాన్పయి వచ్చినాక ఇద్దామని సూరులో పెట్టినాను," అంది అత్త. "ఈ రోగం దాని పుట్టింటోళ్లదేనా?"

లారీ తోలే కొడుకు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని రక్తం కూడా చూడాలన్నాను గానీ, ఎవరి నుంచి వచ్చిందో అత్తకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో...

సాయంత్రం సూది వేస్తుంటే హుసేనమ్మ అడిగింది. "ఇది అప్పుడే ఏసింటే బిడ్డ బతుకుతుండెనా?"

"కదలకమ్మా," అన్నాను.