బ్రాకెట్లో కొసరు

ఫిబ్రవరి 4, 1946. నరసరావుపేట

లెక్కల టెస్టులో మళ్ళీ సున్నా. 3(x + 2) = 21 అని ఇచ్చారు. నేను 3x + 2 = 21 అని వేశాను. పందొమ్మిదిని మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. రెండును ఎందుకు వదిలేశావని గోపాలకృష్ణయ్య మాస్టారు అడిగారు. వదల్లేదండీ, వేశాను కదా అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఫిబ్రవరి 5

నాన్న క్వారీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, శనివారం పరీక్ష కూడా తప్పితే బడి చాలించి నాతో రాళ్ళకాడికి రామ్మా అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే భయం వేసింది. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే.

పుస్తకం తెరిస్తే బ్రాకెట్లు రెండు నెలవంకల్లా ఉన్నాయి. మధ్యలో x నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు.

ఫిబ్రవరి 7, సాయంత్రం

అరుగు మీద అమ్మ జొన్నలు అమ్ముతుంటే పక్కన కూర్చున్నాను. వెంకటరమణమ్మత్త మూడు సోలలు కొలిపించుకుంది. అమ్మ చివర్లో గుప్పెడు కొసరు వేసింది. ఏం నాగులమ్మా, సోలకో గుప్పెడు ఎయ్యరాదా అంది అత్త. కొసరు బేరానికొకటే వదినా, సోలకోటి ఏస్తే నా చేట ఖాళీ అయిద్ది అంది అమ్మ. ఇద్దరూ నవ్వుకున్నారు.

నేను ఆ గింజలనే చూస్తూ ఉండిపోయాను. పుట్టినప్పటి నుంచి నేను చూసింది ఇదే. మూడు సోలలు, ఒక కొసరు. టెస్టులో వేసిందీ అదే, 3x + 2.

ఫిబ్రవరి 8

అమ్మ కొసరు సంగతి మాస్టారికి చెప్పేశాను. బ్రాకెట్లో ఉన్న కొసరు సోలలోనే పడిందనుకో, ఎన్ని సోలలు పోస్తే అన్ని కొసర్లు వస్తాయి, మీ అమ్మకి మాత్రం ఈ బేరం చెప్పకు అన్నారు ఆయన.

3x + 6 = 21. x = 5. ఏమీ మిగల్లేదు.

దారిలో దోసిలి పట్టి చూసుకున్నాను. రెండు చేతులూ అచ్చం బ్రాకెట్లే. లోపల ఎండ నిండింది. ఒలకకుండా ఇంటిదాకా నడిచాను.

ఫిబ్రవరి 9

పరీక్ష. బ్రాకెట్ల లెక్కలు నాలుగు. ప్రతి సోలకూ కొసరు వేశాను.

ఫిబ్రవరి 12

పాసయ్యాను. నాన్న చానాసేపు కాగితం తిప్పి తిప్పి చూసి, రేపు కూడా బడికే పో అన్నాడు.

ఆ లెక్క ఏందో నాకూ చూపించవే అంది అమ్మ. దోసిలి పట్టమన్నాను. మూడుసార్లు జొన్నలు పోశాను. మూడుసార్లూ పైన గుప్పెడు వేశాను. గింజలు ఒళ్ళోకి జారాయి. చేట ఖాళీ అయింది.

అమ్మ దోసిలి ఇంకా తెరిచే ఉంది.