కాళ్ళవైపు కొవ్వొత్తి

నాన్నా,

లా ఎంట్రన్స్‌లో నన్ను ఏడిపించిన ప్రకటన–ఊహ ప్రశ్నలు ఇప్పుడు ఇట్టే చేసేస్తున్నాను. నువ్వున్నప్పుడు వాటితోనే కుస్తీ పట్టేదాన్ని. నా లైటుకి నిద్రపట్టక నువ్వు కళ్ళమీద తువ్వాలు కప్పుకునేవాడివి.

తెనాలి కోచింగ్‌లో సార్ కిటుకు చెప్పారు. "పైకి చెప్పకుండా దేన్ని నమ్మి ఆ మాట అన్నారో అదే ఊహమ్మా. ఆ నమ్మకాన్ని కాదని చూడు, మాట కూలిపోవాలి." అప్పట్నుంచి రేపల్లె రైల్లో చెవినపడ్డ ప్రతి మాటనీ కూల్చి చూస్తున్నాను. "గొడుగు పట్టుకెళ్ళు" అని ఎవరైనా అంటే, వాన రాదనుకుని చూస్తాను. మాట కూలిపోతుంది.

ఈరోజు సమాధుల పండగ. పొద్దున నీ సమాధికి సున్నం వేసి బంతిపూలు పరిచాం. సాయంత్రం సన్నటి మంచులో అందరి కొవ్వొత్తులూ వెలిగాక, సమాధుల తోట మొత్తం నీళ్ళమీద తేలుతున్నట్టు అనిపించింది. నేను నీ తలవైపు కొవ్వొత్తి పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"అటు వద్దే, కాళ్ళవైపు పెట్టు. కళ్ళలో వెలుగు పడితే నాన్నకి నిద్రపట్టదు."

ఊహ వెంటనే దొరికింది. కాదని మాత్రం చూడలేదు. కొవ్వొత్తి కాళ్ళవైపుకి మార్చాను. వెలుగు ఇంకా నీ ముఖం దాకా వస్తోందేమోనని చెయ్యి అడ్డం పెట్టాను.