అయోవాలో బండి ఆపిన చోటు

బావా,

సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా, ఈ వేసవికి వంటిల్లూ పడకా అన్నీ ఉన్న మన ఆర్‌వీ బండి ఏ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆపాలో తేల్చే సర్వాధికారం నాకు దక్కినది. నువ్వు పోయి ఏడాదైంది కాబట్టి దక్కింది, ఉంటే దక్కనిచ్చేవాడివా!

ఆ అధికారం వారం కూడా నిలవలేదు. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య, చెరువు పక్కన ఒకటి చూశాను. అక్క ఫోటోలైనా చూడలేదు.

"నువ్వు చూసిందా? ఒకసారి నీ మాట విని పందుల ఫారం పక్కన దిగాం, చాల్లే. మీ బావైతే కొళాయి నీళ్లు తాగి చూసిగానీ బండి ఆపేవాడు కాదు. నేను రాను, పో."

నాకు ఒళ్లు మండింది. "ఇది బావ చెప్పిన చోటేనక్కా. హాస్పిటల్‌లో ఆఖరి రోజు నాతో అన్నాడు," అన్నాను. అంతే, దగ్గర కూర్చుని మరీ బుక్ చేయించింది.

నిన్న దిగాం. రైస్ కుక్కరూ, కరెంటు పొయ్యీ ఒకేసారి పెట్టినా ఫ్యూజు పోలేదు. అక్క ఆ కొళాయి నీళ్లతోనే టీ పెట్టి, రెండు కప్పులు తాగింది. "చూశావురా, మీ బావ చూపంటే చూపే!" అంది. ఆరు చోట్లకి ఫోన్ చేసింది నేను, మెచ్చుకోలు నీకు! పోయాక కూడా నన్ను గెలవనివ్వవేం?

ఆ రోజు హాస్పిటల్‌లో నువ్వు నాతో ఏమీ అనలేదు. సాయంత్రం దాకా కూర్చున్నాను, కళ్లే తెరవలేదు నువ్వు. అక్కకి మాత్రం చెప్పకు.