ఒక్క సాక్షి

గవర్నర్‌పేట, విజయవాడ
4-2-1974

ప్రియమైన హన్నక్కకు,

మిల్లులో కూలిచేసే అమలమ్మ చావుకు కారకుడు మన ఊరి రైసుమిల్లు యజమాని వెంకటప్పయ్య. ఈ మాట అక్కడ ఎవరూ పైకి అనరు గనక నేనే మొదట రాస్తున్నాను. బెల్టుకు అడ్డంగా ఉండే ఇనప జాలీ తీయించింది ఆయన. బెల్టు ఆమెను కొంగుతో సహా లాక్కున్నాక, కాలవలో జారిపడి పోయిందని పోలీసులకు చెప్పిందీ ఆయనే.

ముప్పై మంది కూలి ఆడవాళ్లూ, బాయిలరు దగ్గర పనిచేసే ఏసుపాదం అన్నా చర్చి వరండాలో కూర్చుని, చూసింది చూసినట్టు నీకు చెప్పారని రాశావు. ప్రెస్సులో ప్రూఫులు పక్కకు తోసి నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రచయిత అన్నవాడు ఇలాంటప్పుడు కలం మూసుకుంటే వాడూ దోషేనని మొన్న చేతికొచ్చిన కరపత్రంలో ఉంది. కథ మొదలుపెట్టాను. పేర్లు మారుస్తాలే, భయపడకు.

నీ తమ్ముడు
ఆమోసు

8-2-1974

తమ్ముడు ఆమోసుకు అక్క దీవెనలు.

ఆగు. నేను రాసింది కథ కోసం కాదు, మనసులో పెట్టుకోలేక నీతో చెప్పుకున్నాను. నీకు పలక మీద అక్షరాలు దిద్దించినదాన్ని గనక అంటున్నాను. కోపంలో రాసేటప్పుడు నీకు ఎదుటి మనిషి కనపడడు, నువ్వే కనపడతావు. రాయి, రాసి ట్రంకుపెట్టెలో పడెయ్యి. నెల పోయాక తీసి చూడు. అప్పటికీ నిజమనిపిస్తే నాకు పంపు, వాళ్లకు చదివి వినిపిస్తాను. వాళ్లు ఊఁ అంటేనే అచ్చుకివ్వు.

మిల్లు గేటు దగ్గర కొత్తగా ఇద్దరు మనుషుల్ని పెట్టారు. మన ఊరివాళ్లు కారు. పిల్లలు బడికి ఆ దారిన రావడం మానేశారు.

నీ అక్క
హన్నా

27-2-1974

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందేసరికి కథ చెయ్యి దాటిపోయింది. ఈ వారం పత్రికలో పడింది. ఎడిటరు భానుమూర్తిగారు నన్ను పిలిచి, "ఆ బాయిలరు మనిషిని ఎక్కడ పట్టావయ్యా?" అన్నారు.

కథలో చూసినవాడూ, చెప్పినవాడూ అతనొక్కడే. ముప్పై మంది ఉంటే కథ పలచబడుతుంది. ఒంటరివాడైతే పాఠకుడు వెంట నడుస్తాడు. అతను మీటరు చూడడు. ఆవిరి గొట్టానికి వేపకర్ర ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వింటాడు. ఆ వాక్యం రాస్తుంటే లోపల ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. రాయడమంటే ఆ లోపలి మాటకు లొంగిపోవడమేనని నాకిప్పుడు తెలిసింది.

పత్రిక రెండు కాపీలు పంపుతున్నాను.

నీ తమ్ముడు
ఆమోసు

9-3-1974

ఆమోసూ,

నీ పత్రిక నాకంటే ముందు మిల్లుకు చేరింది. మంగళవారం వెంకటప్పయ్యగారు ఆడవాళ్లందర్నీ కళ్లంలో కూర్చోబెట్టి గుమాస్తా చేత కథ చదివించారు. వేపకర్ర దగ్గరికి రాగానే, మన ఏసుపాదమే అని వాళ్లు నవ్వేశారట. ఆయనా నవ్వారట. "అయితే నోరు విప్పింది వీడొక్కడేనన్నమాట" అన్నారట.

ఆ సాయంత్రం నుంచి ఏసుపాదం ఇంటికి రాలేదు. మైలవరంలో తమ చుట్టాల మిల్లుకు పనికి పంపామంటున్నారు మిల్లువాళ్లు. అతని భార్య సువార్తమ్మ మైలవరం వెళ్లి వచ్చింది. అక్కడికి ఎవరూ రాలేదు. నిన్న పత్రిక పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మా ఆయన చివరికి ఏమైనట్టు రాశాడు టీచరమ్మా, మీ తమ్ముడు?"

కథలో ఆ సాక్షిని నువ్వు కాలవలో శవంగా తేల్చావు. ఆ పేరా మింగేసి, తెలియదన్నాను.

గేటు మనిషి బడికి కూడా వచ్చాడు. చెప్పులు బయట విడిచి, "తమ్ముడుగారు బాగా రాస్తారంట గదండీ, ఊళ్లోకి ఎప్పుడొస్తారండీ?" అని చాలా మర్యాదగా అడిగాడు.

రావద్దు.

హన్నా

12-3-1974

ప్రియమైన అక్కకు,

నీకు అబద్ధం రాశాను. నీ ఉత్తరం అందిన మర్నాడే కథ తీసుకెళ్లి ఇచ్చాను. లోపలి మాట అనుకున్నది నా పేరు అచ్చులో చూసుకోవాలనే ఆత్రం. అతన్ని కాలవలో తేల్చే పేరా రాసి, బాగా కుదిరిందని టీ తాగొచ్చాను.

నిన్న పోలీసుస్టేషనుకు వెళ్లాను. ఎస్సై పత్రిక తిరగేసి, "పాత్రలన్నీ కల్పితమని కింద వేసుకున్నారు కదబ్బాయ్, ఇంకేం కావాలి?" అని నా చేతిలో పెట్టాడు.

చూసిన ముప్పై మందినీ కథలోంచి కొట్టేసింది వెంకటప్పయ్య కాదు, నేను. ఒక్కడే నోరు విప్పాడనుకున్నారు గనక ఒక్కణ్ణి మాయం చేశారు. అందరూ చెబితే ఏసుపాదం అన్నను దాచి లాభం లేదని వాళ్లకు తెలుస్తుంది. బతికుంటే వదులుతారు. నాకు ఇంతకంటే దారి తోచడంలేదు.

ముందు సువార్తమ్మను అడుగు. కథ చివర ఏముందో దాచకుండా చదివి, అప్పుడడుగు. ఆమె వద్దంటే ఎవర్నీ పిలవకు, నేనొక్కణ్ణే వచ్చి నిలబడతాను. సరేనంటే ఇంటింటికీ వెళ్లి చెప్పు. నేను కథ చదవను. తెల్లకాగితాలు తెస్తాను. ఎవరి పేరు వాళ్లు చెప్పి, చూసింది చెప్పాలి. చెప్పింది చెప్పినట్టు రాస్తాను, ఒక్క మాటకూడా దిద్దను. గేటు మనుషులు ఉంటారని తెలుసు. గుంపుగా రమ్మను, విడివిడిగా వద్దు.

ఈ ఆదివారం, పదిహేడో తారీకు, ఆరాధన అయ్యాక, పొద్దున పది గంటలకు, మిల్లు గేటు ముందు.

ఆమోసు