తెరల మేడలో గోడ నాది కాదు

రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో, ఊళ్ళో అందరూ తెరల మేడ అని పిలిచే ఇంట్లో ఉంటున్న చెరుకుమిల్లి మాణిక్యాంబ అనే నేను, కీర్తిశేషులు లక్ష్మీనరసింహం గారి కుమార్తెను, వయసు డెబ్బై ఏడు, కాలేజీలో చిత్రలేఖనం చెప్పి రిటైరైనదాన్ని, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా. నాకు బీపీ ఉంది, మోకాళ్ళ నొప్పులున్నాయి. మతిమరుపు లేదు, ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ పురికొల్పలేదు. 2019లో రాసిన వీలునామాను దీంతో రద్దు చేస్తున్నాను. అందులో ఒక అబద్ధం ఉంది.

1. ఈ వీలునామా అమలు బాధ్యత న్యాయవాది మణిశంకర్ గారిది. ఆయన నాకు బంధువు కాదు, నా విద్యార్థి కాదు. నా మీద ప్రత్యేకమైన గౌరవం ఏమీ లేని మనిషి కనుక, ఇందులోని మాటలు చదవడానికి ఆయనకు కష్టం కలగదు.

2. నాకున్న స్థిరాస్తి ఈ మేడ ఒక్కటే. తూర్పున పుర వీధి, పడమర అప్పాజీ మాస్టారి ప్రహరీ, ఉత్తరాన సందు, దక్షిణాన కాలువ. కింద నాలుగు గదులు, పైన ఒకే ఒక హాలు. మా నాన్నగారు పౌరాణిక నాటకాలకు తెరలు వేసేవారు. తెర పూర్తి పొడవున వేలాడాలని హాలు కప్పు అంత ఎత్తున పెట్టించారు. దర్బారు, అడవి, రాజవీధి, కైలాసం. కాకినాడ నుంచి నరసాపురం దాకా ఏ సమాజం నాటకమాడినా వెనక మా ఇంటి తెరే ఉండేది. కింది గదుల్లో వాళ్ళు హార్మోనియం పెట్టుకుని పద్యాలు సాధన చేస్తుంటే, పైన సుద్ద వాసన, జిగురు వాసన. ఈ ఆస్తి మా నాన్నగారు రాసిచ్చిన వీలునామా వల్ల నాకు సంక్రమించింది. దీనిపై అప్పులు, తాకట్టులు లేవు. వేరే రకం తగాదా ఒకటుంది. అది రాస్తాను.

3. పై హాలు తూర్పు గోడ నిండా ఒక బొమ్మ ఉంది. వరద తగ్గిన గోదావరి, రేవు, ఒక నాటక సమాజం తన తెరల చుట్టలను, కిరీటాల పెట్టెలను పడవలోకి ఎక్కిస్తూ ఉంటుంది. నారదుడి వేషం తీయకుండానే ఒకాయన బీడీ కాలుస్తుంటాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో మాణిక్యాంబ వేసిన గోడ అని పుస్తకాల్లో రాశారు. పిల్లలకు పాఠంలో చెప్పారు. ఆ బొమ్మ నేను వేయలేదు. వేసింది పెద్దింట్లమ్మ, మా నాన్నగారి దగ్గర రంగులు కలిపే బుల్లియ్య కూతురు. ఆ గోడ మీద నా చేతివి కింది అంచున ఉన్న తామరాకులు మాత్రమే. అవి కూడా ఆమె గీత గీసి ఇస్తే నేను పచ్చరంగు నింపాను.

జరిగిందిది. 1964 నుంచి మా నాన్నగారికి చేయి వణకడం మొదలైంది. ఒప్పుకున్న తెరలు ఆగకూడదు. బుల్లియ్య వెంట వచ్చే పెద్దింట్లమ్మ ముందు ఆకాశాలు నింపింది, తర్వాత చెట్లు, తర్వాత మనుషులు. రెండేళ్ళలో తెరలన్నీ ఆమే వేస్తోంది. కింద సంతకం నాన్నగారిది. ఆయన అరవయ్యో ఏట ఒకరోజు ఆమెను పిలిచి, "ఊళ్ళవాళ్ళకి వేసింది చాలు గానీ, నాకోసం ఒకటి వెయ్యవే" అన్నారు. నాలుగు నెలలు వేసింది. మా ఇద్దరికీ ఏడాది తేడా. నేను నిచ్చెన పట్టుకునేదాన్ని.

ఆ శీతాకాలం మద్రాసు నుంచి చిత్రకళ తెలిసిన పెద్దమనుషులు ముగ్గురు, నాన్నగారి తెరలు చూడాలని వచ్చారు. గోడను కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డారు. ఆయన చెయ్యి వణుకుతుండటం వాళ్ళకి కనబడుతూనే ఉంది. "ఇది ఎవరు వేశారండీ?" అని అడిగారు. పెద్దింట్లమ్మ గుమ్మం దగ్గర కాఫీ గ్లాసుల పళ్ళెంతో నిలబడి ఉంది. నాన్నగారు ఆమె వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూశారు. ఆ ఖాళీలో నేను, "నేనేనండి" అన్నాను.

ఎందుకన్నానో యాభై తొమ్మిదేళ్ళుగా వెతుక్కున్నాను. భయం కాదు, ఎవరూ నేర్పలేదు. అలాంటి చూపుతో నావైపు ఎవరైనా ఒక్కసారి చూడాలనిపించింది. చూశారు. అంతే.

వాళ్ళు వెళ్ళాక బుల్లియ్య నాన్నగారి దగ్గరకొచ్చి, "బాబుగారూ, మా పిల్ల..." అని ఆగిపోయాడు. నాన్నగారు, "నోటిమాట వచ్చేసింది బుల్లియ్యా. ఇప్పుడు కాదంటే ఆడపిల్ల పరువు పోతుంది" అన్నారు. ఏ ఆడపిల్ల పరువో బుల్లియ్య అడగలేదు. పెద్దింట్లమ్మ మరో ఎనిమిది రోజులు వచ్చింది, మొదలుపెట్టిన అడవి తెర పూర్తి చేసి వెళ్ళిపోయింది. ఆ వేసవిలో నరసాపురంలో పెళ్ళయింది. అప్పట్నుంచి లేసు అల్లుకుని బతికింది. మళ్ళీ రంగు ముట్టలేదు.

4. నాకు మద్రాసులో సీటు వచ్చింది, స్కాలర్‌షిప్ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, 1988లో పురస్కారం వచ్చింది. నేను చెడ్డ టీచర్ని కాదు. కానీ అంతటి బొమ్మ మళ్ళీ ఎందుకు వేయలేదని అడిగిన ప్రతిసారీ, "అలాంటిది ఒక్కసారే వస్తుందండి" అని తల వంచుకునేదాన్ని. వినయమనుకునేవాళ్ళు.

5. ఇంటి అమ్మకం సంగతి. మేడ కురుస్తోంది, నేను మెట్లెక్కలేకపోతున్నాను. గత ఏడాది అమ్మకానికి పెట్టాను. మా చెల్లెలి మనవరాలు శృతి గోడను వీడియో తీసి ఫోనుల్లో పెట్టింది. హోటళ్ళున్న సురేంద్ర గారు కొంటామని బయానా ఇచ్చారు. ఆయనకు కావలసింది గోడే. ఈ మార్చిలో ఫొటోలవాళ్ళతో వచ్చి, నన్ను గోడ పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు.

సరిగ్గా అప్పుడు మెట్లెక్కి పెద్దింట్లమ్మ వచ్చింది. వెనక కూతురు బేబీ. ఆ వీడియో బేబీ ఫోనులో చూసి, ఇల్లు అమ్ముడైపోయేలోగా ఒక్కసారి చూసి వెళ్దామని రైల్లో వచ్చారు. గుర్తుపట్టడానికి నాకు క్షణం పట్టలేదు. సురేంద్ర గారు, "ఎవరండీ ఈవిడ?" అన్నారు. నాకు డెబ్బై ఏడేళ్ళు. నాన్నగారు లేరు. పోగొట్టుకోవడానికి పెన్షను తప్ప ఇంకేం లేదు. అయినా నేనన్న మాట ఇది: "పాత మనిషండి. మా ఇంట్లో రంగులు కలిపేవాళ్ళ అమ్మాయి."

ఆమె నా మాట విననట్టే గోడ దగ్గరికి వెళ్ళి, పడవ తెరచాప మీద అరచేయి ఆనించింది. సురేంద్ర గారు, "ముట్టుకోకమ్మా, పాడైపోద్ది! అది ఎంత విలువైందో తెలుసా?" అన్నారు. ఆమె చెయ్యి తీసేసి పైటకు తుడుచుకుంది. "తెలీదండి" అంది. కిందికి దిగిపోయింది. బేబీ మాత్రం మెట్ల మీద ఆగి నన్ను చూసింది. ఆ పిల్లకి అంతా తెలుసు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈ కాగితం రాయడానికి నాకు ఇంకొంచెం ధైర్యం ముందే వచ్చేదేమో. అది కూడా ఇంకొకరి మీద తోసేయడమే. ఆ వాక్యం కొట్టేయకుండా అలాగే ఉంచుతున్నాను.

6. పది రోజుల తర్వాత నరసాపురం వెళ్ళాను. అరుగు మీద కూర్చుని లేసు అల్లుతోంది. కుర్చీ తెప్పించి నన్ను కూర్చోబెట్టింది. తప్పు చేశానన్నాను. ఏడ్చాను కూడా, ఏడవడం నాకు తేలికే. ఆమె సూది ఆపలేదు. "మీరు 'నేనే' అన్నప్పుడు నాకు కోపం రాలేదండి అమ్మాయిగారూ. పిల్లలం కదా. బాబుగారు కిటికీలోకి చూశారు చూడండి, అదీ" అంది. ఇంకో వరస అల్లి, "మొన్న మాత్రం వచ్చిందండి" అంది.

క్షమించానని ఆమె అనలేదు. అన్నట్టు ఎవరికీ చెప్పవద్దు.

తిరిగొచ్చి సురేంద్ర గారికి నిజం చెప్పాను. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకండీ మేడమ్? మీ పేరుంటేనే జనం వస్తారు. ఎవరో లేసు అల్లుకునే ఆవిడంటే ఎవరొస్తారండి? మన మధ్యే ఉంచేయండి" అన్నారు. బయానా తిరిగిచ్చేశాను. శృతి నా మీదే పరిశోధన చేస్తోంది, సగం రాసింది. చెప్పగానే లేచి వెళ్ళిపోయింది. పన్నెండు రోజులు ఫోను ఎత్తలేదు. పదమూడో రోజు వచ్చి, "వాళ్ళ అడ్రసు ఇయ్యి అమ్మమ్మా" అంది. నా మొహం చూడలేదు. ఇచ్చాను.

7. నా తదనంతరం మేడను మణిశంకర్ గారు అమ్మవచ్చును. షరతులు: కొనేవారికి పైనున్న 3, 5, 6 పేరాలు ముందుగా చదివి వినిపించాలి. గోడ చిత్రకారిణి బుల్లియ్య కుమార్తె పెద్దింట్లమ్మ అని విక్రయ దస్తావేజులో రాయాలి. గోడ పక్కన నా పేరుతో ఉన్న ఇత్తడి పలక నేనే ఊడదీశాను. మేకుల గుంతలు పూడ్చవద్దు. ధర తగ్గితే తగ్గనివ్వాలి. ఈ షరతులు ఒప్పుకోని వారికి ఎంతిచ్చినా అమ్మరాదు.

8. పెద్దింట్లమ్మకు మేడ మొత్తం రాయాలనుకున్నాను. జూన్‌లో మణిశంకర్ గారిని తీసుకుని మళ్ళీ నరసాపురం వెళ్ళాను. ఆమె ఆయన్ని, "సాచ్చి సంతకం అంటే ఏంటండి?" అని అడిగింది. ఇందులో రాసింది నిజంగా ఆవిడే రాసిందని, మా కళ్ళముందే సంతకం చేసిందని మరొకరు పూచీ పడటం అని ఆయన చెప్పారు. "అయితే అది నేను చేస్తానండి" అంది. ఆస్తి పుచ్చుకునేవాళ్ళే సాక్షి అయితే రేపు కోర్టులో అనుమానిస్తారని ఆయన అన్నారు. "అయితే ఇల్లొద్దండి" అంది. బేబీ పేరున రాస్తామంటే బేబీ, "అమ్మ సంతకానికి అడ్డం వచ్చేది నాకేం వద్దండి. నాకు నా ఉద్యోగం ఉంది" అంది. ఎంత చెప్పినా వినలేదు.

అందువల్ల అమ్మగా వచ్చిన సొమ్ము, నాకు పిల్లలు లేనందున, శృతికే చెందాలి. అంటే ఆస్తి మళ్ళీ మావాళ్ళకే పోతోంది. ఇదీ నాకు సిగ్గుగానే ఉంది. దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో శృతికి చెప్పే అర్హత నాకు లేదు.

9. కింది గదిలోని రేకు పెట్టెలో నలభై రెండు బొగ్గు గీతల కాగితాలున్నాయి. గోడకు ముందు పెద్దింట్లమ్మ వేసుకున్న నమూనాలు. తగలబెట్టాలని రెండుసార్లు తీశాను, చేతులు రాలేదు. ఇవి నావి కావు కనుక వీలునామాలో చేరవు. నేను బతికుండగానే, ఈ నెలాఖరులోపు వాళ్ళింటికి చేరుస్తాను. చేర్చకముందే పోతే మణిశంకర్ గారు మొదట చేయవలసిన పని ఇదే.

10. 1988 నాటి పురస్కారం, పతకం ఇచ్చినవారికి తిరిగి పంపాలి. ఉత్తరం రాసి పతకం పెట్టెలోనే ఉంచాను. మర్యాదగానే రాశాను.

11. నా నీటిరంగుల బొమ్మలు పదహారు శృతికి. సామాన్యమైనవి. అయితే పొన్నపూల గుత్తి ఒకటుంది, అది ఫరవాలేదు. అది నిజంగా నాదే.

12. ఇరవై రెండేళ్ళుగా నాకు వండిపెడుతున్న సంపూర్ణమ్మకు గ్యాసుపొయ్యి, ఫ్రిజ్జు, బీరువా, బీరువాలోని చీరలన్నీ. ఇల్లు అమ్ముడయ్యేదాకా వెనక గదిలో ఉండవచ్చును. కూరలో ఉప్పు తక్కువని రోజూ సాధించాను. డాక్టరు చెప్పినట్టే వేసేదని నాకు తెలుసు.

13. శృతి తాత, మా మరిది శివరామకృష్ణ, 1991లో పెళ్ళి పందిరికని మా టేకు నిచ్చెన పట్టుకుపోయి తిరిగివ్వలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా దెప్పాను. ఒకరిని దెప్పడానికి నేనెవర్ని! నిచ్చెన వాళ్ళకే ఉండనివ్వండి.

14. నేను పోయాక సంతాపసభ పెట్టవద్దు. పత్రికలవాళ్ళు అడిగితే మూడో పేరా ఇవ్వండి. తగ్గించి వేస్తామంటే ఇవ్వవద్దు.

15. సంతకాలకు ముందు చేర్చినది. ఈరోజు ఉదయం బేబీ వాళ్ళమ్మను తీసుకుని వచ్చింది. మొన్న శుక్లం ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు చూపు బాగుందట. మణిశంకర్ గారు ఇదంతా పై హాల్లోనే, గోడ ముందు, మొదటి అక్షరం నుంచి పైకి చదివారు. సాక్షిగా వచ్చిన అప్పాజీ మాస్టారు నా వైపు చూడలేక కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. పెద్దింట్లమ్మ నేనేసిన కుర్చీలో కూర్చుని చివరిదాకా వింది. ఎక్కడా ఆపలేదు. సాక్షుల వివరాలు రాసుకుంటూ మణిశంకర్ గారు, "వృత్తి లేసు పని అని వేస్తున్నానమ్మా" అన్నారు. ఆమె గోడకేసి చూసింది.

"బొమ్మలేస్తానండి. లేసూ అల్లుతాను. రెండూ రాయండి, బొమ్మలే ముందు" అంది.

పైన రాసినదంతా చదివి, విని, నిజమని ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

రాజమహేంద్రవరం, 2025 నవంబరు 14.

(సంతకం) చెరుకుమిల్లి మాణిక్యాంబ

సాక్షులు:

1. (సంతకం) అప్పాజీ, రిటైర్డ్ హెడ్‌మాస్టరు, ఇన్నీసుపేట, రాజమహేంద్రవరం.

2. (సంతకం) కొల్లాటి పెద్దింట్లమ్మ, తండ్రి బుల్లియ్య, వయసు 78, వృత్తి: చిత్రలేఖనం, లేసు అల్లిక, నరసాపురం.